మట్టి పిట్ట – తుపాకి పట్టె

కృష్ణానదికి ఎడమ ఒడ్డు వైపున, నల్లమల అడవుల అంచున ఉన్న కొల్లాపూర్ ఒకప్పుడు జటప్రోలు సంస్థానానికి రాజధాని. సంస్థానాల కాలంలో వేట రాజవినోదం. ఆ రోజుల్లో తుపాకి గురి కుదిరినదంటే ఒక ప్రాణి నేలకొరిగినదనే అర్థం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. 1991లో దానికి జరిగిన సవరణతో వినోదం కొరకు వేటాడటానికి తావు లేకుండా పోయినది. నేడు ఆ నల్లమలలోనే అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం ఉన్నది.

వేట పోయినా, ఎగిరేదానిని గురిచూసి కొట్టే విద్య పోలేదు. అది పక్షిని విడిచి మట్టి బిళ్లను పట్టుకున్నది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో ‘ట్రాప్’ అనే పోటీలో భారత పురుషుల జట్టు స్వర్ణపతకం గెలిచినది. ముగ్గురి జట్టు 375 బిళ్లలలో 361 పగులగొట్టినది. వారిలో హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ ఒకడు. వ్యక్తిగత పోటీలో అతనికి కాంస్యం కూడ లభించినది. మూడువందల డెబ్బది అయిదింటిలో పదునాలుగు మాత్రమే తప్పిపోవటానికి కన్ను, చేయి, అభ్యాసం ముఖ్యం. వాటికి తోడు, తుపాకి గొట్టం మీద అంగుళం వెడల్పైనా లేని ఒక లోహపు పట్టె చేసే పని కూడ ఉన్నది. దానినే రిబ్ అంటారు. ఆ పట్టె కథలో రెండువందల ఏండ్ల చరిత్ర ఇమిడి ఉన్నది.

రవ్వల తుపాకి

రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు ఉంటాయి. దానినుండి ఒకే గుండు వెలువడుతుంది. షాట్‌గన్ గొట్టం లోపల నునుపుగా ఉంటుంది. దానినుండి సన్నని సీసపు రవ్వలు గుంపుగా వెలువడతాయి. పోటీలలో వాడే తూటాలో 24 గ్రాముల రవ్వలు ఉంటాయి. వాటి సంఖ్య మూడువందలకు దగ్గరగా ఉంటుంది. ‘12 బోరు’ అనే పేరుకు అర్థం కూడ తెలుసుకోదగినది: ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గోళాలుగా పోస్తే, ఒక్కొక్క గోళం ఆ గొట్టంలో సరిగా పడుతుంది. గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ.

పూర్వం నల్లమందు మెల్లగా కాలేది. అందువలన మందు పూర్తిగా కాలేవరకు రవ్వలు లోపలనే ప్రయాణించాలని గొట్టాలను చాల పొడవుగా చేసేవారు. 1787లో లండనులోని హెన్రీ నాక్, మందు త్వరగా అంటుకొనే విధంగా గొట్టం మొదలును మార్చి ఆ మార్పునకు పేటెంటు పొందాడు. అప్పటి నుండి గొట్టాలు పొట్టివైనవి, తేలికైనవి. రెండు గొట్టాలను పక్కపక్కన అతికించి ఒకే తుపాకిగా మోయటం సులభమైనది.

రెండు గొట్టాలను పక్కన పెడితే వాటి నడుమ లోయవంటి పల్లం ఏర్పడుతుంది. ఆ పల్లాన్ని పూడ్చి, రెంటినీ కలిపి అతికించటానికి వేసిన లోహపు బద్దయే మొదటి పట్టె. 19వ శతాబ్ది తొలినాళ్లలో లండనులోని జోసెఫ్ మాంటన్ దానిని గొట్టం మొదలు వద్ద పైకి లేపాడు. ఎత్తైన మొదలు నుండి పల్లంగా ఉన్న మూతి వైపు చూపు సాగితే, గొట్టం ఆ చూపు కంటే కొద్దిగా పైకి ఎక్కుపెట్టి ఉంటుంది. పక్షి సాధారణంగా పైకి లేస్తూ ఎగురుతుంది కాబట్టి ఈ ఏర్పాటు వేటగానికి అనుకూలించినది. మాంటన్ పేరుతో 1825లో కలకత్తాలో కూడ తుపాకుల దుకాణం వెలసినది.

ఆ కాలపు గొట్టాలను ‘డమాస్కస్ గొట్టాలు’ అనేవారు. ఇనుప, ఉక్కు బద్దలను మెలిపెట్టి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, కాచి అతికి వాటిని చేసేవారు. తెలంగాణలోని కోనసముద్రంలో మూసలలో కరగించి తీసిన ఉక్కుతో చేసిన కత్తులకూ ఇదే పేరున్నది గాని, రెండు పద్ధతులూ వేరు. ఒకటి మూసలో పుట్టిన ఉక్కు; రెండవది అతుకులతో ఏర్పడిన గొట్టం. పొగలేని మందు వచ్చి పీడనం పెరిగిన తరువాత అతుకుల గొట్టాల స్థానాన్ని ఏకఖండపు ఉక్కు గొట్టాలు ఆక్రమించినవి.

పక్షి స్థానంలో బిళ్ల

19వ శతాబ్దిలో గురిపోటీలకు బోనులలోని పావురాలను వదిలి కాల్చేవారు. 1870ల నాటికి అమెరికాలో గాజు బంతులను ఎగురవేయటం మొదలైనది. 1880లో సిన్సినాటి నగరవాసి జార్జి లిగోస్కీ కాల్చిన మట్టితో చదునైన బిళ్లను తయారుచేసి పేటెంటు పొందాడు. పల్చని రాయి నీటిపై కప్పగంతులు వేసినట్లు, చదునైన బిళ్ల తిరుగుతూ గాలిలో నిలకడగా సాగుతుంది. మట్టి బిళ్ల మరీ గట్టిగా ఉండి రవ్వలు తగిలినా ఒక్కొక్కప్పుడు పగిలేది కాదు. అందువలన తరువాత సున్నపురాతి పొడిని, కీలు వంటి పదార్థాన్ని కలిపి బిళ్లలు పోశారు. పేరు మాత్రం మట్టి పిట్టగానే నిలిచినది. 1900 పారిస్ క్రీడలలో సజీవ పావురాల పోటీ, మట్టి బిళ్లల పోటీ రెండూ జరిగినవి. ఒలింపిక్ క్రీడలలో చివరకు నిలిచినది మట్టి బిళ్ల.

నేటి బిళ్ల వ్యాసం 11 సెం.మీ., ఎత్తు 2.5 సెం.మీ., బరువు 105 గ్రాములు. అది గంటకు 100 కిలోమీటర్లకు పైబడిన వేగంతో వెలువడి, పైకి లేస్తూ కాల్చేవానికి దూరంగా పోతుంది.

వేటగాడు ఉదయం నుండి సాయంత్రం వరకు కాల్చేవి కొద్ది తూటాలే కావచ్చును. పోటీలో ఒక్క విడతకే 25 బిళ్లలు, ప్రతి బిళ్లకు రెండు తూటాల వరకు. గొట్టం వేడెక్కి దాని మీది గాలి పలుచనవుతుంది. వేడి గాలిలోను, చల్లని గాలిలోను కాంతి వక్రీభవనం వేరువేరుగా ఉండటం వలన బిళ్ల వణకుతున్నట్లు కనిపిస్తుంది. వేసవి మధ్యాహ్నం కొల్లాపూర్ తారు రోడ్డు మీద కనిపించే ఎండమావికి కారణం కూడ ఇదే. ఈ చిక్కును తొలగించటానికి 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో పట్టెను గొట్టానికి ఆనించకుండా చిన్న స్తంభాలపై నిలబెట్టారు. కింది సందులగుండా గాలి ఆడుతుంది. వేడి చూపుకు అడ్డురాదు. బరువు కూడ తగ్గుతుంది.

వేడి వలన మరొక చిక్కు ఉన్నది. ఉక్కు ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే తన పొడవులో లక్షకు 1.2 వంతులు పెరుగుతుంది. 75 సెం.మీ. గొట్టం 50 డిగ్రీలు వేడెక్కితే పెరుగుదల 0.45 మి.మీ. పెరిగే గొట్టానికి చల్లని పట్టెను బిగించి అతికిస్తే రెండు లోహపు పొరల బద్ద వంగినట్లు గొట్టం వంగజూస్తుంది. అందువలన కొన్ని పోటీ తుపాకులలో పట్టె స్తంభాల మీద జరిగే వీలు కల్పిస్తారు.

గొట్టాల అమరిక కూడ మారినది. 1909లో లండనులోని బాస్ కంపెనీ, 1931లో బెల్జియం నుండి బ్రౌనింగ్ తుపాకి, ఒకదానిపై ఒకటిగా పేర్చిన గొట్టాలతో వచ్చినవి. పక్కపక్క గొట్టాల వెడల్పు చూపును కప్పుతుంది. ఈ అమరికలో సన్నని పట్టె ఒక్కటే ఎదుట ఉంటుంది. పోటీలో సాధారణంగా ముందు పేలేది కింది గొట్టం. దాని తాకిడి భుజానికి దగ్గరగా ఉన్న రేఖలో వెనుకకు వస్తుంది. కాబట్టి మూతి తక్కువగా ఎగసి, రెండవ తూటాకు చూపు త్వరగా కుదురుతుంది.

మిల్లీమీటరు విలువ

షాట్‌గన్‌కు వెనుక గురి ఉండదు. పట్టె కొసన ఒక పూస మాత్రం ఉంటుంది. కాల్చేవాని కన్నే వెనుక గురి. 75 సెం.మీ. పొడవున పట్టె వాలు 1 మి.మీ. పెరిగితే, దానికి ఏబది రెట్లైన 37.5 మీటర్ల దూరాన రవ్వల గుంపు 5 సెం.మీ. పైకి పోతుంది. ఇది సరూప త్రిభుజాల లెక్క. గుంపు వెడల్పు బిళ్ల కంటే ఎంతో పెద్దదే గాని నడుమ రవ్వలు దట్టం, అంచున పలుచన. అంచున పడిన బిళ్ల రవ్వల సందులగుండా తప్పించుకోవచ్చును.

గుంపు బిగువును నిర్ణయించేది చోక్, అనగా గొట్టం మూతి వద్ద లోపలి ఇరుకు. ఇంగ్లండులో విలియం పేప్ 1866లో దీనికి పేటెంటు పొందాడు. ఇరుకు లేని గొట్టం 36 మీటర్ల దూరాన 76 సెం.మీ. వలయంలో నూటికి సుమారు 40 రవ్వలను నిలిపితే, పూర్తి చోక్ సుమారు 70 నిలుపుతుంది.

ఇక గొట్టం పొడవు. నేటి మందు గొట్టపు మొదటి భాగంలోనే కాలిపోతుంది. అయినా ట్రాప్ తుపాకుల గొట్టాలు 75 సెం.మీ.కు తగ్గవు. పొడవైన గొట్టం ఊపు నిలకడగా సాగుతుంది. ఆ ఊపు అవసరం చిన్నది కాదు: రవ్వలు 35 మీటర్లు చేరటానికి సెకనులో సుమారు పదోవంతు పడితే, సెకనుకు 25 మీటర్ల వేగంతో పోయే బిళ్ల అంతలోనే రెండున్నర మీటర్లు జరుగుతుంది. 45 డిగ్రీల వాలున పోతే అడ్డంగా జరిగేది సుమారు 1.8 మీటర్లు. బిళ్ల ఉన్నచోట కాల్చినవాడు, అది లేనిచోట కాల్చినట్లే.

తుపాకి లేకుండానే తరగతిలో ఈ లెక్కను చూడవచ్చును. మీటరు బద్దను బల్లపై ఉంచి, దాని అంచు వెంట పది మీటర్ల దూరాన గోడపై కనిపించే చుక్కను గుర్తించాలి. కంటి వైపు కొసను 1 మి.మీ. మందపు అట్టముక్కపై ఎత్తి మరల చూస్తే, గోడమీద గుర్తు ఒక సెంటీమీటరు కిందికి జరుగుతుంది. పక్షిని పడగొట్టటానికి మాంటన్ ఎత్తిన పట్టె వెనుక ఉన్నది ఈ లెక్కే. ఆ లెక్క మారలేదు. దాని ఎదుట నేడు పగిలేది బిళ్ల మాత్రమే.