ఇంగ్లీషు తరగతి, తెలుగు వ్యాసం: వంశధార తీరం నుంచి ఒక పరిశీలన

తెలుగు సాహిత్యచరిత్రల్లో గ్రాంథిక వ్యావహారిక వివాదం ఎక్కువగా కవుల, పండితుల ప్రకరణాల్లో కనిపిస్తుంది. అది రచ్చకెక్కింది మాత్రం బడిపిల్లవాడి జవాబుపత్రం మీద. స్కూలు ఫైనలు విద్యార్థి తెలుగు వ్యాసపరీక్షలో ‘వచ్చుచున్నాడు’ అనే రాయాలా, ‘వస్తున్నాడు’ అని రాయవచ్చునా అన్న ప్రశ్న 1912–15 మధ్య మద్రాసు రాజధానిలో విద్యాశాఖనూ, పండితసభలనూ, పత్రికలనూ కదిలించింది. ఆ ప్రశ్నకు పుట్టినిల్లు ఇంగ్లీషు తరగతి అన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. ఇంగ్లీషు బోధన నుంచి తెచ్చుకున్న కొలబద్ద వ్యావహారిక వాదానికి బలమిచ్చింది. అదే కొలబద్ద కళింగపట్నం రేవులో పెరిగిన పిల్లవాడి మాటను తెలుగు వ్యాసానికి వెలుపల నిలిపింది.

ముందుగా పరిభాష సంగతి. 1862లో వెలువడిన ‘హితసూచని’లో సామినేని ముద్దునరసింహనాయుడు తన రచనలను ‘ప్రమేయాలు’ అన్నారు. కందుకూరి వీరేశలింగం ‘ఉపన్యాసం’ అన్నారు. ‘వ్యాసం’ తరువాత స్థిరపడింది. ప్రమేయం తెలుసుకోదగిన విషయం, ఉపన్యాసం ఎదుటివారి ముందు ఉంచే మాట, వ్యాసం విస్తరణ. ఇంగ్లీషువారి ‘ఎస్సే’ అన్న మాటకు మూలంలో ఉన్న ‘ప్రయత్నం’ అనే అర్థం ఈ మూడింటిలో దేనికీ లేదు. ఇంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. ఇంగ్లీషు తరగతిలో ‘ఎస్సే’ ఒక సాహిత్యప్రక్రియ, ‘కాంపొజిషన్’ ఒక అభ్యాసం. మొదటిది రచయిత చేసేది, రెండోది విద్యార్థి చేసేది. తెలుగు బడిలో రెండింటికీ ‘వ్యాసం’ అన్న ఒక్క మాటే మిగిలింది. స్కూలు ఫైనలు వివాదం కాంపొజిషన్‌కు సంబంధించినది. తరువాతి చరిత్రకారులు దాన్ని సాహిత్యభాషా వివాదంగానే చదవడంలో ఈ పదసంకరానికీ కొంత పాత్ర ఉంది.

ఆ కాలపు ఇంగ్లీషు చదువు ఎలా ఉండేదో చెప్పడానికి ‘కన్యాశుల్కం’ కన్నా మంచి సాక్ష్యం దొరకదు. కొడుకు చదువు ఎంతదాకా వచ్చిందో వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం ఆమె ముందు ఇంగ్లీషు ‘మాట్లాడతారు’. ఆ సంభాషణ అంతా కంఠస్థం చేసిన పద్యం ముక్కలూ, వాచకంలోని వాక్యాలూ. తల్లి మురిసిపోతుంది. గురజాడ అప్పారావు విజయనగరం మహారాజావారి కళాశాలలో ఉపన్యాసకులుగా ఉన్నవారు. 1883లో ‘సారంగధర’ ఇంగ్లీషు కావ్యం ప్రకటించి, పరభాషలో రాసే బదులు సొంతభాషలో రాయమన్న శంభుచంద్ర ముఖర్జీ సలహా పొందినవారు. పదజాలం పోగుచేయడం వేరు, భాష రావడం వేరు అన్నది ఆయనకు అనుభవంలోంచి తెలిసిన సత్యం. అందుకే ఆ రంగం నవ్వించినంతగానూ గుచ్చుతుంది.

1906–07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరిశీలనాధికారిగా జె.ఎ. యేట్స్ వచ్చారు. తరగతుల్లో తెలుగు పాఠం జరుగుతున్న తీరు ఆయనకు అంతుపట్టలేదు. పండితుడు పుస్తకంలోని తెలుగు వాక్యానికి తెలుగులోనే అర్థం చెబుతున్నాడు. పిల్లలు మాట్లాడే భాషకూ, చదివే భాషకూ ఇంత దూరమెందుకని ఆయన విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాసయ్యంగారిని అడిగారు. సమాధానం చెప్పగలవారు గిడుగు, గురజాడ అని అయ్యంగారు సూచించారు. 1909లో అయ్యంగారే ‘డెత్ ఆర్ లైఫ్’ అన్న పుస్తకంతో దేశభాషల పక్షాన నిలిచారు.

ఈ బృందంలో వృత్తిరీత్యా తెలుగు పండితుడు ఒక్కరూ లేరు. యేట్స్ ఇంగ్లీషువాడు, అయ్యంగారు తమిళుడు. గురజాడది ఇంగ్లీషు చదువు. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి విజయనగరంలో గురజాడకు సహాధ్యాయి. 1880 నుంచి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు, చరిత్ర బోధకుడు. హెన్రీ స్వీట్, ఒట్టో యెస్పర్సన్ వంటి భాషాశాస్త్రవేత్తల రచనలు చదివిన గిడుగుకు ఒక పోలిక స్పష్టంగా కనిపించింది. ఇంగ్లీషు తరగతిలో విద్యార్థి చాసర్‌ను చదవవచ్చు, షేక్‌స్పియర్‌ను వల్లించవచ్చు. కాంపొజిషన్ మాత్రం నేటి ఇంగ్లీషులో రాస్తాడు. చాసర్ క్రియారూపాలతో రాస్తే మార్కులు పోతాయి. తెలుగు తరగతిలో జరుగుతున్నది దీనికి తలకిందులు. నన్నయ, తిక్కనల నాటి రూపాలతో రాయకపోతే మార్కులు పోతాయి. పరాయి భాషకు ఇచ్చిన న్యాయం సొంత భాషకు ఎందుకివ్వరన్నదే వారి వాదంలోని కీలకం. ప్రాచీన కావ్యాలు చదవవద్దని వారనలేదు. చదవడానికి ఒక భాష, రాయడానికి మరొక భాష ఉండవచ్చునన్న విభజన ఇంగ్లీషు బోధన నేర్పినదే.

1912–13లో స్కూలు ఫైనలు బోర్డు కార్యదర్శి ఒక లేఖలో తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని రాయవచ్చునని తెలిపారు. ఆధునిక భాషకు ఉదాహరణలుగా చూపినవి బ్రౌన్ తెలుగు రీడరు, ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. ఈ ఎంపిక ఆలోచింపదగినది. వీరాస్వామయ్య గ్రంథం 1830–31 యాత్రలో మిత్రుడికి రాసిన ఉత్తరాల రూపం. కావ్యం కాని, వ్యాకరణానికి లొంగని, చూసింది చూసినట్టు చెప్పే వచనం తెలుగులో ఎనభై ఏళ్ల కిందటే ఉందని ఆ పేరు నిరూపిస్తుంది. జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయశాస్త్రి ప్రభృతులు తీవ్రంగా వ్యతిరేకించారు. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు వారికి వేదికైంది. 1913లో గిడుగు ‘ఎ మెమొరాండం ఆన్ మోడరన్ తెలుగు’, జయంతివారి ‘ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు’, 1914లో గురజాడ ‘మినిట్ ఆఫ్ డిసెంట్’ వెలువడ్డాయి. తెలుగు పిల్లవాడు ఏ తెలుగులో రాయాలో తేల్చే ప్రధాన పత్రాలు మూడూ ఇంగ్లీషులోనే ఉండటం ఆ కాలపు విచిత్రం. 1915లో ఆధునిక భాషకు ఇచ్చిన అనుమతి రద్దయింది. ఆ ఏడు నవంబరు 30న గురజాడ కన్నుమూశారు.

గ్రాంథికవాదుల ప్రశ్నల్లో ఒకటి బలమైనది: వాడుకభాష అంటే ఎవరి వాడుక? విశాఖపట్నానిదా, కృష్ణాతీరానిదా, నెల్లూరుదా? దీనికి వ్యావహారికవాదుల జవాబు ‘శిష్టవ్యావహారికం’. చదువుకున్నవారి మాటలో ప్రాంతభేదాలు స్వల్పమనీ, అదే రచనకు ప్రమాణమనీ అన్నారు. ఈ జవాబు కూడా ఇంగ్లీషు నుంచి వచ్చిన నమూనాయే. విద్యావంతుల మాటే ఇంగ్లండులో ప్రమాణం. అక్కడి పల్లెల యాసకు పరీక్షలో చోటులేదు. పరీక్షాధికారికి సమాధానం చెప్పవలసిన సందర్భంలో అంతకన్నా వేరు జవాబు చెప్పడం కష్టమే కావచ్చు. అయినా దాని ఖరీదు చిన్నది కాదు.

వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం అప్పట్లో గంజాం జిల్లాలోది. డచ్చివారి కాలం నుంచీ ఓడల రాకపోకలున్న రేవు. అక్కడి పిల్లవాడు ‘ఏటి’ అంటాడు, ‘బేగి’ అంటాడు, తోటివాణ్ని ‘గుంటడు’ అంటాడు. గ్రాంథికం అతణ్ని ‘వెడలిపోయెను’ అని రాయమంది. శిష్టవ్యావహారికం ‘వెళ్లిపోయాడు’ అని రాయమంది. అతని నోట ఉన్నది ‘ఎల్లిపోనాడు’. మొదటి రూపం కన్నా రెండోది అతనికి దగ్గరన్నది నిజం, ఆ మేరకు గిడుగు, గురజాడలు సాధించింది చాలా ఉంది. కానీ రెండు తీర్పుల్లోనూ అతని జవాబుపత్రం మీద ఎర్రసిరా పడుతుంది. వలకూ, తెప్పకూ, నెత్తళ్లకూ సంబంధించిన అతని పదసంపద వ్యాసంలోకి రావచ్చు, నామవాచకాలు కనుక. క్రియ దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసుకుంటుంది. ‘కన్యాశుల్కం’లో వేర్వేరు కులాల, వృత్తుల నోటిమాటను అంత నిక్కచ్చిగా పట్టుకున్న గురజాడ, అసమ్మతి పత్రంలో ప్రమాణభాష కోసమే వాదించారు. నాటకానికి ఒక న్యాయం, వ్యాసానికి మరొకటి అన్న ఈ తేడా తరువాత కూడా చెరగలేదు. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావుల కథల్లో ఉత్తరాంధ్ర మాట సగౌరవంగా నిలిచింది. వారి కథలపై విశ్వవిద్యాలయాల్లో వచ్చే పరిశోధన వ్యాసాలు మాత్రం శిష్టభాషలోనే ఉంటాయి, ఇదీ అందుకు మినహాయింపు కాదు.

గిడుగు విషయంలో మాత్రం మరొక అధ్యాయం ఉంది. పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాషను ఆయన సవరల దగ్గరే నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు సిద్ధం చేశారు, బడులు నడిపారు. 1931లో సవర భాషా వివరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఇక్కడ ఆయన ‘శిష్ట సవర’ కోసం వెతకలేదు. పిల్లవాడి నోట ఉన్న రూపమే పుస్తకంలోకి వెళ్లింది. సవరకు కావ్యభాష లేదు, పరీక్షాధికారి లేడు, ఇంగ్లీషు తరగతితో పోల్చి గెలవవలసిన వాదమూ లేదు. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార సవరల ఊళ్ల మీదుగా, గిడుగు పుట్టిన పర్వతాలపేట మీదుగా కళింగపట్నం చేరుతుంది. నదికి ఎగువన ఉన్న పిల్లవాడికి అతని మాటలోనే వాచకం అందింది. దిగువన, రేవులో ఉన్న తెలుగు పిల్లవాడికి అలాంటి వాచకం ఎవరూ రాయలేదు.