వాటర్లూ వంతెన దగ్గర బస్టాపు

1978 సెప్టెంబరు 7. లండన్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నారు మీరు. మీ పక్కనే జార్జి మార్కొవ్, బల్గేరియా రచయిత, 49 ఏళ్లు. దేశం వదిలి తొమ్మిదేళ్లయింది. ఉద్యోగం బీబీసీలో. బల్గేరియా ప్రభుత్వ పెద్దలకు కంటగింపైంది మాత్రం రేడియో ఫ్రీ యూరప్‌లో వచ్చే ఆయన ప్రసంగాలు. వాటిలో నియంత టోడర్ జివ్‌కోవ్ పరివారం గుట్టంతా బయటపడుతుంది. ఇవాళ ఆ జివ్‌కోవ్ పుట్టినరోజు కూడాను.

మార్కొవ్ ఉలిక్కిపడి కుడి తొడ వెనక తడుముకున్నాడు. చీమ కుట్టిందా? వెనక ఒకడు కిందపడ్డ గొడుగు తీసుకుంటున్నాడు. ‘సారీ’ అన్నాడు, పరాయి యాసలో. టాక్సీ ఎక్కి పోయాడు. మీరు చూస్తూనే ఉన్నారు. గొడుగు తగిలిందని పోలీసుల దగ్గరికి పరిగెత్తేవాళ్లెవరు లెండి!

ఆఫీసులో చూసుకుంటే తొడ మీద మొటిమంత ఎర్రటి పొక్కు. రాత్రికి జ్వరం. చంపుతామన్న బెదిరింపులు ఇదివరకే వచ్చాయి. తనకు విషం పెట్టారని ఆసుపత్రిలో ఆయన చెప్పాడు కూడా. ఆశ్రయమిచ్చిన దేశం ఉండడానికి చోటిచ్చింది, మాట్లాడడానికి మైకిచ్చింది. బస్టాపు దాకా కాపలా రాలేదు. 11న ప్రాణం పోయింది.

పోస్టుమార్టంలో తీసిన కండముక్క పోర్టన్ డౌన్ ప్రయోగశాలకు చేరింది. దగ్గరికి వంగి చూడండి. ఆవగింజంత లోహపు గుండు. ప్లాటినం, ఇరిడియం కలిపి చేసింది. అడ్డంగా తొలిచిన రెండు సన్నటి రంధ్రాలు. అవి ఖాళీగానే దొరికాయి. వాటిలో పట్టేంత మోతాదును, రోగలక్షణాలను బట్టి రిసిన్ అని తేల్చారు. అదెక్కడో పుట్టిన వింత విషం కాదు, మన ఆముదం గింజలోదే. నూనె తీశాక చెక్కలో మిగిలిపోయేది అదే. అందుకే ఆముదపు చెక్కను పొలానికి వేస్తారు గానీ గొడ్లకు పెట్టరు. నల్లగొండ రైతుకు తెలిసిన సంగతిని గూఢచారులు గొడుగు దాకా తెచ్చారు. అసలు గొడుగుతోనే కొట్టారా, గొడుగు దృష్టి మళ్లించడానికేనా అన్నది నేటికీ తేలలేదు. ఎవరికీ శిక్ష పడలేదు. 35 ఏళ్లయ్యాక, 2013లో బల్గేరియాలో ఆ కేసుకు కాలదోషం పట్టింది.

మార్కొవ్‌పై దాడికి ముందు, 1978 ఆగస్టులోనే పారిస్ మెట్రోలో వ్లదిమీర్ కోస్తోవ్ అనే మరో బల్గేరియా ప్రవాసి వీపులో ఏదో చురుక్కుమంది. జ్వరం వచ్చి తగ్గింది. మార్కొవ్ మరణవార్త విన్నాక ఆయన వీపును డాక్టర్లు మళ్లీ పరీక్షించారు. చిన్న గాటు పెట్టి గుండు బయటికి తీశారు. లండన్‌లో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు: అదే లోహం, అవే రంధ్రాలు.