అంబలి నుంచి తెల్లన్నం దాకా

మన తాతలు పోడులో చోళ్ళు, సామలు, కొర్రలు పండించుకుని తిన్నారు. వాన తప్పితే పస్తులే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకే ఇచ్చింది. ఆ బియ్యం ఎంతోమంది ఆకలి తీర్చింది, అది మర్చిపోకూడదు.

కానీ మెల్లగా పళ్ళెంలో అన్నమే కొండంత అయింది. పప్పు, గుడ్డు కొందామంటే డబ్బుల్లేవు. ఇప్పుడు సెలవులకి ఊరెళ్తే మా అమ్మల దగ్గర షుగర్ మాత్రలు కనిపిస్తున్నాయి. పొట్ట చూసి 'బాగా తింటున్నారు' అని నవ్వేవాళ్ళకి చెప్దాం: అది బలుపు కాదు, పేదరికమే.

2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం 3 రూపాయలు, చిరుధాన్యాలు రూపాయి అని రాశారు. మరి మా డిపోలో బియ్యమే ఎందుకు? బియ్యం ఆపమని కాదు, మన చోళ్ళు మన దగ్గరే కొని, మనకే ఇమ్మని అడుగుదాం.