ఊరు చూపువారి పుట్టుపూర్వోత్తరములు

మొరాకో దేశమందలి ఫెజ్ నగరమునకు పోయిన యాత్రికుడు ఎంత బుద్ధిశాలి యైనను, ఎన్ని పటములు చేతబట్టుకొన్నను, పాతబస్తీ ద్వారము దాటి పది సందులు తిరిగినంతనే తాను వచ్చిన త్రోవ యేదో చెప్పజాలడు. క్రీ.శ. 8వ శతాబ్దపు చివర ఇద్రిస్ వంశపు రాజులు నెలకొల్పిన యా నగరమున, బరువుతో ఒక గాడిద యెదురుపడినచో మనిషి గోడ కంటుకొని నిలువవలసిన యిరుకు దారులలో, సర్కారు బిళ్ళ ధరించిన మార్గదర్శి ముందు నడువగా పదిమంది పరదేశులు వెనుక నడుచుట నిత్యము కానవచ్చెడి దృశ్యము. ఫాతిమా అల్ ఫిహ్రీ యను పుణ్యస్త్రీ 859లో కట్టించెనని ప్రసిద్ధి గన్న మసీదును అతడు వాకిటినుండి చూపును. తోళ్ళు పదునుచేయు తొట్ల చెంతకు మేడమెట్లు ఎక్కించి, ఆ దుర్గంధమునకు విరుగుడుగా తలకొక పుదీనా రెమ్మ ముక్కు దగ్గర పెట్టుకొమ్మని యిప్పించును. కట్టకడపట, ఎవ్వరును అడుగకయే, ఒక తివాసీల దుకాణములో కూర్చుండబెట్టును. అచట అమ్ముడుపోయిన ప్రతి తివాసీమీదను అతనికి కొంత వాటా ముట్టుననుట జగమెరిగిన రహస్యము.

ఈ వృత్తి యెప్పుడు పుట్టినది? విహారయాత్రలకు మూలపురుషుడని పేరొందిన థామస్ కుక్ 1841లో మద్యపాన నిషేధ సభకు పోవు జనమును లీస్టరు నుండి లౌబరో వరకు రైలులో కొనిపోయెను. 1869లో మరికొందరిని వెంటబెట్టుకొని ఈజిప్టు చేరెను. టిక్కెట్టు, బస, భోజనము ఒక్క ధరలో కూర్చిన నేర్పు ఆయనదే. కాని కైరో వీథులలో ఆయనకు ముందే డ్రాగోమన్ లనెడి దుబాసీలు, అరబ్బీ యెరుగని దొరల చేయి పట్టుకొని బజారులు, మసీదులు, గోరీలు చూపుచు తరతరములుగా బ్రతుకుచుండిరి. వ్యాపారము కుక్ గారిది, వృత్తి వారిది.

వారి వంశవృక్షమును పైకి ప్రాకినచో క్రీ.పూ. 5వ శతాబ్దము చేరుదుము. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈజిప్టు పిరమిడ్డు నెదుట నిలిచినపుడు, దానిమీద చెక్కిన వ్రాత యేమని యడుగగా, వెంటవచ్చిన దుబాసి దానిని చూచి, పనివారికి పెట్టిన ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లికే 1,600 టాలెంటుల వెండి ఖర్చయ్యెనని అందు వ్రాసియున్నదని చెప్పెనట. ఆ దుబాసికి ఆ లిపి నిజముగా చదువ వచ్చునా యని పండితులకు నేటికిని సందేహమే. ప్రశ్న అడిగినవానిని జవాబు లేక పంపరాదనెడి దీక్ష మాత్రము ఈ వృత్తివారికి పుట్టుకతో వచ్చినదని నేను నమ్ముదును. మా గుడివాడ సంగతియే చూడుడు: ఊరిలోని బౌద్ధస్తూపపు దిబ్బకు ఒక వేశ్యను ముడిపెట్టి కథ చెప్పుకొనుట తరములనుండి వచ్చినది. ఘంటసాలలోను, భట్టిప్రోలులోను దిబ్బలకు అట్టి కథయే. అలెగ్జాండర్ రే యను పురాతత్త్వాధికారి ఈ మూడు చోట్లను పరిశోధించి 1894లో గ్రంథము ప్రకటించిన పిదప సైతము, దారినపోవువానికి ఆ కథయే వినిపించెడివారు కాని స్తూపమని చెప్పినవారు అరుదు.

మన దేశమున ఈ పని తొలుత దేవుని పేర జరిగినది. క్షేత్రమునకొక స్థలపురాణము, దానిని వల్లించు అర్చకుడు, కాశీలో అడుగుపెట్టినంతనే తాతముత్తాతల పేర్లు గల వహీ విప్పి మనలను స్వాధీనపరచుకొను పండా, వీరందరును ఊరు చూపువారే. అయితే పుణ్యము ప్రసక్తి లేక, కేవలము చూచెడి వేడుకకై ఊరు తిరుగుట కూడ తెలుగువారికి క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రచారమున నున్న క్రీడాభిరామము చదివినవారికి నే చెప్పబోవునది తెలిసియే యుండును. (కృతికర్త శ్రీనాథుడే యను వాదమును కలదు, ఆ తగవు ఇచట మనకు పట్టదు.) మంచన శర్మ యను బ్రాహ్మణుడు, టిట్టిభ సెట్టి యను వణిజుడు ఇరువురు స్నేహితులు ఓరుగంటి వీథులలో ఒక దినమంతయు తిరుగుదురు. పల్నాటి వీరుల కథ పాడు స్త్రీని వినుట, పొట్టేళ్ళ పోరు, కోడిపందెము చూచి పందెగాండ్రతోపాటు కేకలు వేయుట, పూటకూటింట ఒక రూకకు కడుపార భుజించుట, మాచల్దేవి చిత్రశాల సందర్శించి బొమ్మల మంచిచెడ్డలు ముచ్చటించుట, ఇదియే ఆ వీథినాటకములోని కథ. ఒకడు చూపును, ఒకడు చూచును. మరునిమిషమున వారి స్థానములు తారుమారగును. లోకమున ఎన్ని దేశముల సాహిత్యములలో ఊరు చూచుటయే యితివృత్తముగా గల కావ్యమున్నదో గాని, మనకు మాత్రము ఇట్టిదొకటి యుండుట మన భాగ్యము.

అందలి విశేష మింకొకటి. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సుల్తానుల వశమయ్యెను. మూలమైన ప్రేమాభిరామమును సంస్కృతమున రచించిన రావిపాటి త్రిపురాంతకుడు ఆ వైభవమును కన్నులార గాంచియుండవచ్చును గాని, తెలుగు కవి కలము పట్టునాటికి ఆ వైభవము గతించినది. అనగా మన తొలి పురదర్శకుడు చూపినది కూలిన నగరము. ఉన్నదానిని వ్రేలితో చూపుటకు ఎవ్వడైనను చాలును. పోయినదానిని కనులకు కట్టించుటలోనే ఈ వృత్తియొక్క గొప్పతన మున్నదని నా యభిప్రాయము. ఈ మాట బందరునకు వర్తించినట్లు మరి యే యూరికిని వర్తింపదు.

ఈజిప్టునుండి బందరు అంత దూరమేమియు గాదు. క్రీ.శ. 1వ శతాబ్దమున ఈజిప్టులో కాపురమున్న గ్రీకు వర్తకుడొకడు, ఎఱ్ఱసముద్రపు రేవులతో ప్రారంభించి వ్రాసిన నావికుల కరదీపికలో, మసాలియా యను సీమయందు, అనగా ఈ బందరు ప్రాంతమున, నూలుబట్టలు మెండుగా తయారగునని పేర్కొనెను. మరుసటి శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరవాసియైన టాలెమీ మైసోలియా తీరమును, కొంటకొస్సిలా యను వర్తకస్థానమును తన భూగోళమున చేర్చెను. ఆ కొంటకొస్సిలా ఘంటసాలయే యని పలువురు పండితుల నిర్ణయము. అచటి శాసనమున ఒక మహానావికుని ప్రస్తావన యుండుట అందులకు బలము చేకూర్చుచున్నది. ఉత్తరాఫ్రికా నుండి వచ్చిన ఆ నావికులకు ఇచటి భాష తెలియదు. వారిని ఒడ్డున దిగగానే పలుకరించి, నేతగాండ్ర ఇంటికి దారి తీసినవా డొకడు ఉండకపోవునా? అతని పేరు ఏ శాసనమును చెక్కలేదు.

17వ శతాబ్దమునకు వచ్చుసరికి అతడు స్పష్టముగా కానవచ్చును. గోలకొండ సుల్తానుల రేవైన బందరున, అనగా మచిలీపట్టణమున, డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను పాదము మోపిరి. 1618 మొదలు నాలుగేండ్లు ఇచట ఇంగ్లీషు కంపెనీ కొలువు చేసిన విలియం మెథ్వోల్డు, ఊరు చిన్నదే యైనను జనసమ్మర్దము గలదనియు, ప్రాకారము లేదనియు, కట్టడములు నాసిరకమనియు, బావినీరు ఉప్పగా నుండుననియు వ్రాసెను. నీటి సంగతిలో ఆయనను తప్పుపట్ట వీలులేదు. ఇట్టి యూర దొర యొక్కడు కదలవలెనన్న దుబాసి లేనిదే అడుగు పడదు. హవల్దారు కచేరీకి సుంకము మాట్లాడుటకు అతడే, అద్దకపువారి పల్లెలకు బయానా ఇప్పించుటకు అతడే, పల్లకీ బోయీలను కుదుర్చుటకును అతడే. ప్రతి బేరముమీదను అతడు తీసికొను దస్తూరియే ఫెజ్ నగరపు తివాసీల వాటాకు తాత.

ఈ దుబాసీలలోనుండియే చరిత్రకారులును పుట్టిరి. కర్నల్ కాలిన్ మెకంజీ 1796లో కొలువునకు చేర్చుకొన్న కావలి వెంకట బొర్రయ్య, ఏలూరి యువకుడు, దొరకు ఊళ్ళు చూపుటతో తృప్తినొందక శాసనములు చదివించి, కైఫీయతులు సేకరింపజేసెను. ఆయన 1803లో చిన్నవయసుననే గతించిన పిదప తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసియైన ఏనుగుల వీరాస్వామి 1830, 31 సంవత్సరములలో చేసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. బత్తెము, బాట, సత్రము, నీటివసతి, ఊరి పుట్టుక, ఒకటి విడువక ఆయన వ్రాసిన తీరు చూచినచో, ఒకరి మాటను మరియొకరికి అందించు అభ్యాసము కన్నును ఎంత చురుకుచేయునో తెలియగలదు.

ఇక బందరు గతి. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుండి బందరుకోటను రాత్రివేళ లగ్గలు పట్టి సాధించెను. దానితో ఉత్తర సర్కారుల జాతకము మారినది. 1864 నవంబరు 1వ తేది రాత్రి సముద్రము పొంగి ఊరిమీద పడగా ఆ ప్రాంతమున దాదాపు 30,000 మంది మరణించిరి. ఆ ఉప్పెన తరువాత పట్టణము మరల లేచినది గాని ప్రాతరేవు ప్రాభవము మరల రాలేదు. ఫెజ్ లో మార్గదర్శి వ్రేలు చూపినచో గోడ కానవచ్చును. బందరులో వ్రేలు చూపిన చోట పలుమార్లు ఇసుకయే కానవచ్చును.

అయినను చూడ నేమియు లేదనుట అన్యాయము. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యని పేటల పేర్లే ఆ మూడు కంపెనీల సరిహద్దులను నిలిపియున్నవి. డచ్చివారి శ్మశానవాటిక పురావస్తుశాఖ రక్షణలో నున్నది. అందలి నల్లరాతి పలకలను వంగి పరిశీలింపుడు: వంశచిహ్నములు, శిరస్త్రాణములు, లతలు, వాని క్రింద వరుసలు తీర్చిన డచ్చి అక్షరములు, ఉలి నిన్ననే తీసినట్లు, ఉబ్బెత్తుగా నిలిచియున్నవి. సెయింట్ మేరీ చర్చిలో అరబెల్లా రాబిన్సన్ యను యువతి సమాధి కలదు. ఆమెను వలచిన పేటర్ అను సైన్యాధికారి ఆ సమాధికొరకే చర్చి కట్టించెనని ఊరివారు చెప్పుకొందురు. హెరొడోటస్ దుబాసిని తలచుకొని వినుట మంచిది.

చావని సంగతి యొక్కటి కలదు, అది పెడనలోని అద్దకము. మొదట బట్టను కరక్కాయ రసము కలిపిన పాలలో ముంచి ఎండవేయుదురు. ఇనుపతుక్కు, బెల్లము నీటిలో నానవేసి పులియబెట్టిన ద్రవమున టేకు అచ్చుదిమ్మె నద్ది, బట్టమీద ఉంచి పిడికిలితో ఒక్క చరుపు చరుతురు. కరక్కాయ పట్టిన చోట ఆ ద్రవము క్షణములో నల్లనగును. ఎఱుపు రావలసిన చోట పటిక నద్దుదురు. అప్పటికి అది కంటికి ఆనదు, రంగువేళ్ళతో కాగులో ఉడికించిన పిదపనే పైకి తేలును. ఎండలో అద్దకపుబల్లముందు నిలిచి ఆ చరుపుల సద్దు వినుచు, నలుపు తేరుట చూచినవానికి, ఎఱ్ఱసముద్రపు ఓడలు ఎందులకు వచ్చెనో వేరే చెప్పనక్కరలేదు.

మా నందివాడ వైపువారము బందరు పోవుట కొత్త గాదు. కోర్టు వాయిదాకు పోదుము, కలెక్టరు కచేరీకి అర్జీ పట్టుకొని పోదుము, వచ్చునప్పుడు తొక్కుడు లడ్డు పొట్లము కట్టించుకొందుము. ఊరు చూచుటకని పోయినవారిని నేనెరుగను. చూపువారు లేకపోవుటయే అందులకు కారణము. నోబుల్ దొర 1843లో స్థాపించిన కళాశాల, 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు జాతీయ కళాశాల నెలకొల్పిన సంప్రదాయము గల యూరిలో, చరిత్ర చదివిన పదిమంది బాలబాలికలకు ఈ విద్య నేర్పుట కళాశాలలకు భారము కాదు. దిబ్బను దిబ్బయని, స్తూపమును స్తూపమని, వదంతిని వదంతియని వేరుపరచి చెప్పుటకు మొదట నేర్పవలెను. దస్తూరి సంగతి వారు తామే నేర్చుకొందురు. అధ్యాపకులు ఈ మనవిని చిత్తగింతురు గాక. అంతవరకు ఆగలేని పాఠకులు గుడివాడలో బందరు రైలెక్కవచ్చును. పెడన స్టేషను దారిలోనే తగులును.