బొమ్మల నడక – వేగనిర్ణయము

చెన్నపురి విక్టోరియా పబ్లిక్ హాలున 1910లో రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోను ప్రదర్శించిరి. బొమ్మ చలనచిత్ర యంత్రమునుండియు, పాట గ్రామఫోను రికార్డునుండియు వచ్చుచుండెను. పాట వెనుకబడినచో, పెదవులు మూసికొన్న పిమ్మట పాట వినవచ్చును. కనుక ప్రదర్శకుడు కనిపెట్టియుండి వేగమును సవరింపవలసియుండెను. ఈ నేర్పునకు మన చలనచిత్ర చరిత్రలో దక్కవలసిన గణన దక్కలేదని నా తలంపు. వెంకయ్యగారి సాహసమును మాత్రము అందరును ఎరుగుదురు.

శబ్దచిత్రములు వచ్చిన పిదప సెకనునకు 24 చట్రములు స్థిరపడెను. చిక్కు తీరినట్లే తోచెను. కంప్యూటరు బొమ్మలతో నది మరల తలయెత్తినది. 2014లో తెలుగున ‘విక్రమసింహ’గా వచ్చిన చెన్నై చిత్రము ‘కోచ్చడయాన్’లో నటుల కదలికలను గ్రహించి బొమ్మలకు తొడిగిరి. అట్టి కదలికను రెట్టింపు కాలమునకు సాగదీసినచో నడక మందగించుటతో పోదు. గురుత్వాకర్షణ నాలుగవవంతునకు దిగినట్లు కానవచ్చును. కవచధారియైన వీరుడు గంతువేసినను నీట తేలినట్లుండును. దీనిని యంత్రము తనంతట పసిగట్టదు. అందుచే నిపుణుడు కదలిక నంతటిని సాగదీయడు. గంతునకు పట్టు కాలమును, పాదము నేలనానెడి తావులను ముట్టక, వీరుడు ఆగి చూచెడి క్షణములను మాత్రమే పొడిగించును.