షెర్పా: పనిపేరుగా మిగిలిన జాతిపేరు

హిమాలయాల్లో పాదయాత్ర చేయించే సంస్థల కరపత్రాలు ఏవి తిరగేసినా ఇంచుమించు ఒకే జాబితా కనబడుతుంది. పడుకోవడానికి గుడారాలు, వేడి భోజనం, సామాను మోయడానికి మనుషులో కంచరగాడిదలో, దారి చూపడానికి షెర్పాలు. గుడారం పక్కన, గాడిద పక్కన షెర్పా. చదివేవారికి ఇందులో ఎబ్బెట్టు ఏమీ తోచదు. వంటవాడు, మేస్త్రి, డ్రైవరు అన్నట్టే షెర్పా కూడా ఒక ఉద్యోగం పేరు అనుకుంటాం. ఇప్పుడు దేశాధినేతల శిఖరాగ్ర సమావేశాలకు ముందు పత్రాలు సిద్ధంచేసే అధికారిని కూడా ‘షెర్పా’ అనే అంటున్నారు. శిఖరానికి మోసేవాడు కనుక!

నిజానికి అది ఒక జాతి పేరు. టిబెట్ భాషలో ‘షర్’ అంటే తూర్పు, ‘పా’ అంటే మనిషి. తూర్పు నుంచి వచ్చినవాళ్లు అని అర్థం. వచ్చిన దిక్కునుబట్టి ఒక జనానికి పేరు పెట్టడం మనకు కొత్తేమీ కాదు. తమిళదేశంలో తెలుగువారిని ‘వడుగర్’ అన్నారు, ఉత్తరాదివాళ్లని. తరాలు గడిచి, ఉత్తరం ఎక్కడుందో మరిచిపోయినా ఆ పేరు పోలేదు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవులో ఓడ ఎక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్ల సంగతి ఇంకా దగ్గరగా ఉంటుంది. రంగూన్‌లో వాళ్లందరూ ‘కోరంగీలు’. కొన్నాళ్లకు ఆ మాట ఊరిని వదిలేసి ఓడరేవు కూలీకి పర్యాయపదమైంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో బర్మీయులకూ తెలుగు కూలీలకూ మధ్య జరిగిన ఘర్షణల్లో చనిపోయినవాళ్లు ఆ పేరుతోనే చనిపోయారు. షెర్పాల కథ ఇంత కఠినమైనది కాకపోవచ్చు. కాని ఒక జనం పేరు పనిగా మారే తీరు మాత్రం ఇక్కడా అదే.

షెర్పాల పూర్వులు సుమారు ఐదువందల ఏళ్ల కిందట తూర్పు టిబెట్‌లోని ఖామ్ ప్రాంతం నుంచి బయలుదేరి, నాంగ్‌పా కనుమ దాటి ఇప్పటి నేపాల్‌లోని సోలు, ఖుంబు లోయల్లో దిగారు. ఆ కనుమ ఎత్తు 5,700 మీటర్ల పైమాటే. పిల్లల్నీ, పశువుల్నీ, విగ్రహాల్నీ వెంటబెట్టుకుని దాన్ని దాటినవారికి కొండలెక్కడం ఎవరో నేర్పవలసిన విద్య కాదు. అయితే శిఖరాలెక్కే అలవాటు మాత్రం వారికి లేదు. శిఖరం దేవతలుండే చోటు. ఖుంబు లోయ నడిబొడ్డున ఉన్న ఖుంబిలా కొండను ఈనాటికీ ఎక్కనివ్వరు. వారి బతుకంతా జడలబర్రెల మందలు, బార్లీ, కనుమల మీదుగా సాగే ఇచ్చిపుచ్చుకోళ్లు. టిబెట్ ఉప్పు, ఉన్ని దక్షిణానికి వచ్చేవి. ధాన్యం ఉత్తరానికి పోయేది. పందొమ్మిదో శతాబ్దంలో బంగాళాదుంప వచ్చాక తిండికి కాస్త వెసులుబాటు కలిగింది.

1835లో సిక్కిం రాజు నుంచి డార్జిలింగ్ కొండను ఇంగ్లీషువారు తీసుకున్నారు. బంగళాలు, తేయాకు తోటలు, రోడ్లు, ఆ తరవాత రైలు. కూలి దొరికే చోటికి జనం నడిచి వచ్చారు. షెర్పాలూ వచ్చారు. అక్కడ వారిని కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు అలెగ్జాండర్ కెల్లాస్ అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రజ్ఞుడు. 1907లో ఆయన ఐరోపా నుంచి గైడ్లను వెంటబెట్టుకుని సిక్కిం వచ్చాడు. తరవాతి యాత్రల్లో వారిని మానేసి స్థానికులనే నమ్ముకున్నాడు. ఎత్తుకు పోయేకొద్దీ ఊపిరి ఏమవుతుందో లెక్కలు కట్టిన తొలివారిలో ఆయన ఒకడు. 1921లో తొలి ఎవరెస్టు యాత్రలో, కొండ చేరకముందే, టిబెట్ దారిలో చనిపోయాడు.

మరుసటి ఏడు జరిగిన సంగతి దగ్గర కొంచెం ఆగాలి. 1922 జూన్ 7. రెండు ప్రయత్నాలు విఫలమయ్యాక మూడోసారి ఉత్తర కనుమకు బయలుదేరారు. ముందు మలోరీ, సోమర్‌వెల్, క్రాఫర్డ్ అనే ముగ్గురు ఇంగ్లీషువారు, వారి వెనక పద్నాలుగుమంది కూలీలు. కొత్తగా పడ్డ మంచు చరియ విరిగి జారింది. ఏడుగురు కూలీలు చనిపోయారు. ఇంగ్లీషువారిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. తమలో ఒకరైనా వారితోపాటు పోయి ఉంటే బాగుండేదన్న బాధ సోమర్‌వెల్‌ను వదల్లేదు. ఆయన తన పుస్తకంలో ఆ సంగతి దాచుకోలేదు. ఈ సోమర్‌వెల్ వృత్తిరీత్యా సర్జన్. ఆ యాత్ర ముగిశాక ఇండియా చూస్తూ దక్షిణాదికి వచ్చి, అప్పటి తిరువాన్కూరు సంస్థానంలో, ఇప్పటి తమిళనాడు కన్యాకుమారి జిల్లాలో ఉన్న నెయ్యూరు మిషన్ ఆసుపత్రి చూశాడు. లండన్‌లో పెద్ద ఉద్యోగం వదులుకుని అక్కడే డాక్టరుగా స్థిరపడ్డాడు. తరవాత వెల్లూరు వైద్య కళాశాలలోనూ పనిచేశాడు. నాగర్‌కోయిల్ వైపు పోయే మన పాఠకుల్లో ఎవరైనా నెయ్యూరు ఆసుపత్రి దాటిపోతే, దానికీ ఎవరెస్టుకూ ఉన్న ఈ చుట్టరికం గుర్తు తెచ్చుకోవచ్చు.

1928లో హిమాలయన్ క్లబ్ ఏర్పడింది. డార్జిలింగ్‌లో ఈ క్లబ్బు కూలీల పేర్లు నమోదు చేసేది. ప్రతివాడికీ ఒక పుస్తకం. యాత్ర ముగిశాక దొర అందులో నాలుగు ముక్కలు రాసేవాడు. మంచివాడు, బద్ధకస్తుడు, తాగుతాడు, ఎత్తులో ధైర్యంగా నిలిచాడు. చదవడం రాని మనిషి తన గురించి ఎవరో రాసిన మాటల్ని జేబులో పెట్టుకుని, ఆ మాటలతో తరవాతి పని వెతుక్కునేవాడు. 1930ల చివర, చాలా ఎత్తువరకు మోసినవారికి ‘పులి’ పతకం కూడా పెట్టారు. షెర్పా అనే మాట కులం నుంచి కొలువుకు మారింది ఈ పుస్తకాల్లోనే అని నాకనిపిస్తుంది.

1934 జూలైలో నంగా పర్బత్ మీద తుపానులో ముగ్గురు జర్మన్లు, ఆరుగురు షెర్పాలు చనిపోయారు. నాయకుడు విల్లీ మెర్కల్ దిగలేని స్థితిలో ఉంటే గేలే అనే షెర్పా ఆయనను విడిచి రాలేదు. ఆ ఇద్దరూ అక్కడే పోయారు. దీన్ని ప్రభుభక్తి అని ఐరోపాలో తెగ మెచ్చుకున్నారు. ఇలాంటి మెచ్చుకోళ్లతోనే ‘నమ్మకస్తుడు, నవ్వుముఖంవాడు, ఎంతైనా మోస్తాడు’ అనే బొమ్మ తయారైంది. గేలే ఏమనుకుని ఆగాడో చెప్పడానికి గేలే లేడు.

యుద్ధం తరవాత పటం తలకిందులైంది. అంతవరకు మూసి ఉన్న నేపాల్ తలుపు తీసింది, తెరిచి ఉన్న టిబెట్ మూసుకుంది. డార్జిలింగ్ నుంచి టిబెట్ మీదుగా పోయే దారి పోయి, ఎవరెస్టుకు దారి షెర్పాల సొంత ఊళ్ల మధ్యనుంచే పడింది. 1953లో బ్రిటిష్ యాత్ర కాఠ్మండూ చేరినప్పుడు దౌత్య కార్యాలయంలో దొరలకు గదులిచ్చారు, షెర్పాలకు పాత గుర్రపుశాలను గరాజుగా మార్చిన కొట్టం చూపించారు. అందులో మరుగుదొడ్డి లేదు. తెల్లవారి లేచి షెర్పాలు ఆ ఎదురుగా ఉన్న బాట మీదే కానిచ్చారు. చీవాట్లు తిన్నారనుకోండి. కాని చెప్పదలచుకున్నది చెప్పేశారు.

ఆ మే 29న హిల్లరీతో కలిసి శిఖరం చేరిన టెన్సింగ్ నార్గే డార్జిలింగ్ మనిషి. దిగీదిగకముందే, ఈయన మావాడంటే మావాడని నేపాల్, ఇండియా పోటీపడ్డాయి. ముందు కాలు ఎవరిదన్న రగడ వేరే. పుట్టుక ఒకచోట, పెరుగుదల ఒకచోట, కూడు పెట్టిన ఊరు ఇంకొకచోట. మీదే దేశం అని అడిగితే ఒక్క మాటలో జవాబు రాదు. సరిహద్దులకు ఈవలా ఆవలా ఉన్న మనబోటివారికి ఈ ఇబ్బంది విప్పి చెప్పనక్కరలేదు. ఆయనకు చాలా భాషలు వచ్చు, రాయడం రాదు. 1955లో వచ్చిన ఆత్మకథ చెప్పి రాయించినదే. 1954 నవంబరులో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ తెరిచి, కొండమీది శిక్షణ బాధ్యత ఆయనకు అప్పగించారు.

అయితే శిఖరాలెక్కేవారు ఏటా కొద్దిమందే. మనలాంటి మామూలు మనుషుల్ని కొండల్లోకి తీసుకుపోయే పద్ధతి పెట్టినవాడు జిమ్మీ రాబర్ట్స్. గూర్ఖా పటాలంలో అధికారి, కాఠ్మండూలో బ్రిటిష్ సైనిక ప్రతినిధిగా పనిచేశాడు. 1964లో ‘మౌంటెన్ ట్రావెల్’ అనే సంస్థ పెట్టి, 1965 వసంతంలో ముగ్గురు అమెరికన్ మహిళల్ని ఎవరెస్టు దారిలో నడిపించాడు. ఆయన చేసిన కిటుకు చిన్నది. పెద్ద శిఖర యాత్రల ఏర్పాట్లన్నీ ఉన్నదున్నట్టు ఉంచి, శిఖరం ఒక్కటి తీసేశాడు. సర్దారు, వంటవాడు, వంటకుర్రాళ్లు, మోసేవాళ్లు, ముందుపోయి గుడారం వేసేవాడు, తెల్లవారగానే గుడారంలోకి టీ. ఈనాడు మనం డబ్బు కట్టి చేరే గైడెడ్ ట్రెక్ ఇదే. పటాలపు దండయాత్ర క్రమం, శిఖర యాత్రగా మారి, సెలవుల్లో నడకగా మారింది. ‘సర్దార్’ అన్న పిలుపు ఇంకా పోలేదు.

అదే 1964లో మరి రెండు జరిగాయి. ఖుంబులో ఆసుపత్రికి సామాను చేర్చడానికని హిల్లరీ లుక్లాలో చిన్న విమానాల మైదానం వేయించాడు. కట్టింది రోగుల కోసం, వచ్చింది యాత్రికులు. రెండోది, షెర్పాల మీద తొలి సమగ్ర గ్రంథం వచ్చింది. రాసినవాడు మనకు పరాయివాడు కాడు. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం రాగానే శత్రుదేశస్థుడని ఇంగ్లీషువారు ఆయనను నిజాం రాజ్యంలో ఉంచారు. ఆ కాలంలోనే నల్లమల చెంచుల మీద, గోదావరి కొండల రెడ్ల మీద, ఆదిలాబాదు గోండుల మీద పుస్తకాలు రాశాడు. 1953లో ఖుంబు చేరాడు. ఆయన భార్య బెట్టీ సమాధి ఆదిలాబాదు ప్రాంతపు మార్లవాయిలో ఉంది. ఇరవయ్యేళ్ల తరవాత మళ్లీ ఖుంబు చూసి, 1984లో షెర్పాల్లో వచ్చిన మార్పు మీద మరో పుస్తకం వెలువరించాడు. మందలు తగ్గాయి, మగవాళ్లు ఏడాదిలో చాలా నెలలు ట్రెక్కింగ్ పనుల్లో ఊళ్లు విడిచి ఉంటున్నారు, టిబెట్ వ్యాపారం పోయిన చోట యాత్రికుల డబ్బు వచ్చింది. ఆయన దీన్ని సంతోషంగా రాయలేదు. నేనైతే అంత దిగులు పడను. ఉప్పు మూట మోయడం గౌరవం, గుడారం మోయడం అగౌరవం అనుకోవడానికి నాకు కారణం కనబడదు. పైగా ఆ డబ్బుతోనే ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు, షెర్పాలు సొంత సంస్థలు పెట్టారు.

పోయినది పేరు. వారిలో పుట్టిన వారాన్నిబట్టి పేరు పెట్టడం రివాజు. ఆదివారం నీమా, సోమవారం దావా, మంగళవారం మింగ్మా, బుధవారం ల్హక్‌పా, గురువారం ఫుర్బా, శుక్రవారం పాసాంగ్, శనివారం పెంబా. వంశాల పేర్లు వేరే ఉన్నాయి. కచేరీ కాగితాల్లో అవి ఎక్కక, అందరికీ ఇంటిపేరు ‘షెర్పా’ అయింది. పని దొరుకుతుందని ఇతర తెగలవాళ్లు కూడా ఆ పేరే పెట్టుకోవడం మొదలుపెట్టారు. భాష సంగతికొస్తే, సిక్కిం రాష్ట్రం గుర్తించిన భాషల్లో షెర్పా భాష కూడా ఒకటి. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ట్రెక్‌లో వెదురుబుట్ట మోసే మనిషి చాలావరకు షెర్పా కాడు. రాయి, తమాంగ్, మగర్ తెగల పల్లపు రైతు. బుట్టను ‘డోకో’ అంటారు. దాని కట్టు నుదుటి మీద ఆనుతుంది. ఎండకాసే ఊళ్లనుంచి వచ్చే ఈ మనిషికి ఎత్తు మనకెంత కొత్తో అంత కొత్త. లుక్లా 2,860 మీటర్లు, నామ్చే 3,440, ఎవరెస్టు బేస్ క్యాంపు 5,364. మూడువేలు దాటాక రోజుకు నాలుగైదు వందల మీటర్లకు మించి పడక ఎత్తు పెంచకూడదనీ, మధ్యమధ్య ఒకరోజు ఆగాలనీ యాత్రికుడికి చెబుతారు. మోసేవాడి తలనొప్పి ఎవరూ అడగరు. 1997లో ఇలాంటి ఒక యువ కూలీ ఎత్తు జబ్బుతో చనిపోయాకనే కూలీల రక్షణకంటూ అంతర్జాతీయ సంఘం ఒకటి పుట్టింది. మనిషికి 30 కిలోలు హద్దు అన్నది వారు పట్టుబట్టిన మాటల్లో ఒకటి.

2014 ఏప్రిల్ 18న ఖుంబు హిమానీనదంలో మంచుచరియ విరిగి పదహారుమంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు, ఎక్కువమంది షెర్పాలు. ఒక్కొక్కరికి నలభైవేల నేపాలీ రూపాయలని ప్రభుత్వం ప్రకటిస్తే మిగిలినవారు మండిపడ్డారు. ఈ ఏడు కొండ ఎక్కేది లేదన్నారు. 1953 నాటి ఆ తెల్లవారుజాము గుర్తుకొస్తుంది. ఈసారి మాత్రం వారి మాట చెల్లింది, నేపాల్ వైపు యాత్రలు ఆగిపోయాయి. అదే మే 25న టిబెట్ వైపునుంచి మన తెలుగు పిల్లలిద్దరు ఎవరెస్టు ఎక్కారు. నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్. గురుకుల పాఠశాల విద్యార్థులు. పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. టెన్సింగ్ పాఠాలు చెప్పిన డార్జిలింగ్ సంస్థలోనే వారికి మంచుకొండ శిక్షణ దొరికింది.

2023 ఏప్రిల్ నుంచి విదేశీ యాత్రికులు గైడు లేకుండా నడవరాదని నేపాల్ నియమం పెట్టింది. ఖుంబు స్థానిక సంస్థ దాన్ని అమలు చేయలేదు. గైడు ఉన్నా లేకపోయినా, డబ్బు కట్టబోయే ముందు సంస్థవారిని అడగవలసినవి కొన్నున్నాయి. మోసేవారికి బరువు హద్దెంత, బీమా ఉందా, చలిబట్టలు, బూట్లు ఎవరిస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం, వారిలో ఒకరికి జబ్బుచేస్తే కిందికి ఒంటరిగా పంపుతారా, తోడిచ్చి పంపుతారా. ఒంటరిగా దిగుతూ దారిలోనే పోయినవారు ఉన్నారు.