నూరరాని మాత్ర

మాత్రను కల్వములో నూరి, తేనెతో రంగరించి రోగికి నాకించుట మన యిండ్లలో తరతరాల అలవాటు. ఆయుర్వేద మాత్రలకు అది తగినదే. కాని 20వ శతాబ్ది నడుమ పుట్టిన యొక జాతి మాత్రలకు ఆ అలవాటే ముప్పైనది.

మామూలు మాత్రలోని మందు త్వరగా రక్తమున జేరి, కొన్ని గంటలలో తరిగిపోవును. అందుచే దినమునకు మూడు నాలుగు మారులు మ్రింగవలసి యుండెను. ఈ యిబ్బందిని తొలగింపగోరి అమెరికాలోని స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచి సంస్థ 1952లో డెక్సెడ్రిన్ అను మందును 'స్పాన్‌స్యూల్' అను గొట్టపు గుళికగా వెలువరించెను. అందు వందలకొలది చిన్న పూసలుండెను. కొన్నిటిపై పూత పలుచన, కొన్నిటిపై దళసరి. పలుచని పూత ముందు, దళసరి పూత వెనుక కరగుటచే ఒక్క గుళికయే పూటంతయు పనిచేసెను. పిమ్మట మందును మైనము వంటి పదార్థములో ఇమిడ్చి, మెల్లమెల్లగా వెలికి వచ్చునట్లు చేయు పద్ధతులును వచ్చెను.

చిక్కంతయు నిందే కలదు. పగలంతటికి సరిపడు మందు ఒక్క మాత్రలో నుండును. దానిని నూరినచో గండిపడిన చెరువువలె ఒక్కసారిగా రక్తములోనికి దూకును.

రక్తపు పోటుకు వాడు నిఫెడిపిన్ సంగతి చూడుడు. ఇట్టి నిఫెడిపిన్ మాత్రను నూరి, లాబెటలాల్‌తో పాటు గొట్టము ద్వారా కడుపులోనికి పంపగా రోగి మరణించిన వృత్తాంతమును అమెరికా వైద్యులు 2003లో ప్రకటించిరి. ఆ మందు నిచ్చినవారికి దురుద్దేశమేమియు లేదు. మాత్ర మ్రింగలేని రోగికి మందు పంపుటయే వారి పని.

ఆక్సికాంటిన్ కథ వేరు. నల్లమందు జాతికి చెందిన ఆక్సికోడోన్ సాధారణముగా 5 మిల్లీగ్రాముల బిళ్ళలలో దొరకుచుండగా, 1996లో అంగడికి వచ్చిన యీ మాత్రల రకములు కొన్నిటిలో 80 మిల్లీగ్రాము లుండెను. మందు మెల్లగా వచ్చుటచే దుర్వినియోగము తగ్గునని నమ్ముచున్నట్లు దాని పత్రములో వ్రాయబడినది; నూరరాదను హెచ్చరికయు అందే కలదు. ఆ హెచ్చరికయే దుర్వినియోగపరులకు దారి చూపియుండవచ్చునని అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ శాఖ 2003లో పేర్కొనెను. మొదటి మాటను 2001లోనే తొలగించిరి. సులభముగా నలుగని మాత్ర 2010లో గాని రాలేదు.

పూతను చెరచుటకు రోలే అక్కరలేదు. పల్లడోన్ అను గుళిక మద్యముతో కలిసినప్పుడు మందు నొక్కసారిగా విడుచునని తేలి, 2005లో అమ్మకము నిలిచిపోయెను.

అన్నిటికి నియమ మొక్కటి కాదు. దీర్ఘకాలము పనిచేయు మెటోప్రొలాల్ మాత్రలు కొన్నిటిపై నడుమ గీత యుండును. అందు ప్రతి పూసకును వేర్వేరుగా పూత యున్నందున గీత వెంట రెండుగా విరువవచ్చును. నూరుటకు మాత్రము వీలు లేదు.